‘ఇంటికి వెళ్లిపోండి’ అన్న యూనివర్సిటీ: కోవిడ్ టైమ్‌లో విదేశీ విద్యార్థుల సేవల మీద నా రివ్యూ

ఫోన్ కొంటే రివ్యూ రాస్తాం, హోటల్లో ఒక పూట తింటే రివ్యూ రాస్తాం. చాలామంది జీవితంలో ఇంటి తర్వాత ఎక్కువ డబ్బు పోసి కొనేది విదేశీ యూనివర్సిటీ సీటు, దానికి మాత్రం సరైన రివ్యూ ఒక్కటి దొరకదు. దొరికినా ర్యాంకు ఎంత, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి, క్యాంపస్ ఎంత పచ్చగా ఉంది, అంతే. నేను రాసేది వాటి గురించి కాదు. నేను మాస్టర్స్ మధ్యలో ఉండగా కోవిడ్ వచ్చింది. అడ్మిషన్ టైమ్‌లో ‘అంతర్జాతీయ విద్యార్థి సేవలు’ అని బ్రోషర్‌లో నాలుగు పేజీలు వేసి మాకు అంటగట్టిన సరుకు ఆ రెండేళ్లలో ఎంతవరకు పనిచేసిందో చెప్తాను. యూనివర్సిటీ పేరు రాయను, దేశం పేరు కూడా రాయను. భయమేం కాదు. వేరే వేరే దేశాల్లో చదివిన ఫ్రెండ్స్‌తో మాట్లాడాక అర్థమైంది ఏంటంటే లోగో మారుతుంది తప్ప కథ మారదు, కాబట్టి ఒక్కరినే తిట్టి లాభం లేదు.

ఓపిక లేనివాళ్ల కోసం రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా: ఐదుకి రెండున్నర. అందులో ఒకటిన్నర ఒకే ఒక్క అడ్వైజర్ మేడమ్‌ది. పాఠాలు చెప్పడంలో మరీ అంత అన్యాయం జరగలేదు. కానీ తలదాచుకునే చోటు, వీసా, డబ్బు, ఆరోగ్యం, ఇవన్నీ కలిపి చూస్తే మొత్తం యంత్రాంగం ఒకే నమ్మకం మీద నడిచింది. ప్రతి స్టూడెంట్‌కీ కారెక్కితే సాయంత్రానికి చేరుకునే ఇల్లు ఒకటి ఉంటుందనీ, గొడవ సద్దుమణిగేదాకా అక్కడికి పంపేస్తే సరిపోతుందనీ. కింద రాసిన ప్రతి ఫిర్యాదూ తవ్వుకుంటూ పోతే ఈ నమ్మకం దగ్గరే తేలుతుంది.

ముందు హాస్టల్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. దానికి ఒకరోజు ముందే హార్వర్డ్ తన విద్యార్థులకు 15వ తేదీ సాయంత్రం 5 గంటలకల్లా గదులు ఖాళీ చేయమని చెప్పేసింది. ఐదు రోజులు! వెళ్లలేని విదేశీ విద్యార్థులు ఉండటానికి అప్లికేషన్ పెట్టుకోవచ్చు అని ఒక దారి ఉంచింది, అది వేరే విషయం. అంత పెద్ద పేరున్నవాళ్లు దారి చూపించాక మిగతావాళ్లు ఆగుతారా? మాకు వచ్చిన మెయిల్ కూడా అదే అచ్చు. పైన ‘మీ క్షేమమే మాకు ముఖ్యం’, మధ్యలో ‘సామాను తీసుకెళ్లడానికి వచ్చే కుటుంబ సభ్యులు అరగంట స్లాట్ బుక్ చేసుకోగలరు’, అట్టడుగున ఎవరూ చదవని పేరాలో ‘ప్రత్యేక పరిస్థితులున్నవారు ఈ ఫారం నింపగలరు’. కుటుంబ సభ్యులట, అరగంట స్లాటట. నా కుటుంబ సభ్యులు రావాలంటే ముందు వాళ్లకి వీసా రావాలి, ఆ వీసా ఆఫీసు అప్పటికి షట్టర్ దించేసింది.

ఆ ఫారం గురించి కాస్త చెప్పాలి. ‘మీరు ఎందుకు ఖాళీ చేయలేరు’ అన్న ప్రశ్న కింద ఎంచుకోవడానికి కారణాలు ఇచ్చారు. అనారోగ్యం, ఇంట్లో భద్రత లేకపోవడం, ఇంట్లో ఇంటర్నెట్ లేకపోవడం, ఆఖరున ‘ఇతర’. మా దేశానికి విమానాలు ఆపేశారు అన్నది ఆ జాబితాలో లేదు. అది ‘ఇతర’లోకి వెళ్తుంది, దానికి ఇచ్చింది చిన్న పెట్టె, రెండు వాక్యాలు రాసేసరికి అక్షరాలు అయిపోయాయని ఎర్రగా చూపిస్తుంది. భారత్ మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆపేసిందనీ, టికెట్ ఉన్నా ఎక్కించుకునేవాళ్లు లేరనీ, వెళ్లినా తిరిగి రానిస్తారో లేదో ఎవరూ చెప్పట్లేదనీ ఆ పెట్టెలో పట్టించడానికి నేనూ నా రూమ్మేటూ కూర్చుని విశేషణాలు తీసేశాం, తర్వాత ‘దయచేసి’ కూడా తీసేశాం. ‘రేయ్, ఇది ఫారమా టెలిగ్రామా’ అన్నాడు వాడు.

పర్మిషన్ వచ్చింది, కాదనను. కానీ ఉన్న గదిలో ఉండనివ్వలేదు, అందరినీ రెండు బిల్డింగుల్లోకి సర్దారు. ఎవరు ఏ గదికో లిస్టు ఒకరోజు ముందు పెట్టారు. వంటగదులకు తాళం వేశారు, ఇన్ఫెక్షన్ భయమట. మరి తిండి ఎలా అంటే ప్యాకెట్ భోజనం, వారాంతాల్లో అదీ ఒక్కపూటే. క్యాంపస్ చుట్టూ షాపులు ఎలాగూ మూసే ఉన్నాయి. అప్పటికే కోపం వచ్చింది గానీ తర్వాత తెలిసింది, ఆ వారం బయట అద్దె గదుల్లో ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా దారుణమని. యజమాని ఖాళీ చేయమంటే అడ్డుకోవడానికి యూనివర్సిటీకి సంబంధం లేదు, రూమ్మేట్లు వెళ్లిపోతే వాళ్ల వాటా అద్దె కూడా మిగిలినవాడి నెత్తినే.

ఉండాలా వెళ్లాలా అన్నది ఆ నెలలో అందరి ప్రశ్న. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఉన్నవాళ్ల సంగతి పైన చెప్పాను. వెళ్లినవాళ్ల సంగతి తర్వాత బయటపడింది. న్యూజిలాండ్ 2020 మార్చి 19న, ఆస్ట్రేలియా 20న సరిహద్దులు మూసేశాయి, చైనా 28 నుంచి విదేశీయులను రానివ్వలేదు. ఏదో రెండు నెలలు అనుకుని ఇంటికి వెళ్లినవాళ్లకు, సెలవులకు వెళ్లి అక్కడే ఇరుక్కున్నవాళ్లకు ఆస్ట్రేలియా తలుపులు మళ్లీ మామూలుగా తెరుచుకున్నది 2021 డిసెంబర్ 15న. న్యూజిలాండ్ అయితే స్టూడెంట్ వీసాలకు పూర్తిగా తెరిచింది 2022 జులై 31న. చైనాలో మెడిసిన్ చదివేవాళ్లది అన్నిటికంటే ఘోరం, 2022 ఆగస్టులో మళ్లీ వీసాలు మొదలయ్యేదాకా రెండేళ్లకు పైగా పేషెంట్‌ను ముట్టుకోకుండా స్క్రీన్ మీద డాక్టరీ చదివారు. జపాన్ 2022 మార్చిలో ఆంక్షలు సడలించేసరికి బయట ఎదురుచూస్తున్న విద్యార్థులు లక్షకు పైనే. వీళ్లలో చాలామంది అద్దె కడుతూనే ఉన్నారు. సామాను ఆ గదిలోనే ఉంది మరి, ఖాళీ చేయాలన్నా మనిషి లోపలికి వెళ్లాలి కదా.

ఇప్పుడు వీసా, ఇమిగ్రేషన్ సేవలు. ఇక్కడే పూర్తి మార్కులు ఇవ్వాల్సిన మనిషి ఒకరున్నారు. ఇంటర్నేషనల్ ఆఫీస్ నుంచి వచ్చే అధికారిక మెయిళ్లన్నీ ఒకటే పాట, ‘పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నాం’. గమనించి ఏం చేస్తున్నారో ఒక్క దాంట్లో ఉండదు. ఈ గమనింపుల మధ్య మా అడ్వైజర్ మేడమ్ సొంతంగా వారానికోసారి వీడియో కాల్ పెట్టేవారు, ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగొచ్చు. మొదటి కాల్‌లో ఎంతమంది వచ్చారంటే స్క్రీన్ మీద మొహాలు పేజీలు పేజీలు తిప్పాల్సి వచ్చింది. ఆవిడ చేసిందల్లా ఏంటంటే, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పడం. ‘ఇది నాకు తెలియదు, రేపు మధ్యాహ్నానికి కనుక్కుని చెప్తాను, అప్పటిదాకా టికెట్ కొనకండి’ అనేవారు. మధ్యాహ్నానికి నిజంగానే మెయిల్ వచ్చేది. కొన్నిసార్లు ‘ఇంకా తెలియలేదు’ అనే వచ్చేది, అయినా వచ్చేది. వీసా టెన్షన్‌లో ఉన్నవాడికి ఆ ఒక్క లైన్ ఎంత ధైర్యమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మా పాస్‌పోర్టుల గడువులు, వీసా తేదీలు ఒక షీట్‌లో రాసుకుని ముందు ఎవరిది అయిపోతుందో వాళ్లకి ఆవిడే గుర్తుచేసేవారు. అది ఆఫీసు పెట్టిన పద్ధతి కాదు, ఆవిడ సొంత పట్టుదల. ఆవిడ సెలవు పెట్టిన వారం ఆఫీసు మొత్తం సెలవులో ఉన్నట్టే ఉండేది, ఒక మనిషి మీద నడిచే సేవకు ఉన్న జబ్బు అదే.

ఇలాంటి మనిషి ఎంత అవసరమో 2020 జులైలో అమెరికాలో ఉన్న మా ఫ్రెండ్స్‌ని చూశాక తెలిసింది. మామూలుగా అక్కడ ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ క్లాసు ఒక్కదానికి మించి లెక్కలోకి రాదు. మార్చిలో కోవిడ్ కారణంగా దాన్ని సడలించారు. జులై 6న ఇమిగ్రేషన్ విభాగం ఉన్నట్టుండి మాట మార్చింది. వచ్చే సెమిస్టర్ మొత్తం ఆన్‌లైన్ అయితే దేశంలో ఉండటానికి వీల్లేదు, నేరుగా క్లాసులు జరిగే కాలేజీకి మారండి, లేదంటే వెళ్లిపోండి అంది. అప్పటికి అక్కడ 10 లక్షలకు పైగా విదేశీ విద్యార్థులు ఉన్నారు, వెళ్లిపోదామంటే చాలా దేశాలకు మామూలు విమానాలు లేవు. జులై 8న హార్వర్డ్, ఎంఐటీ కలిసి కోర్టుకెళ్లాయి, 14న బోస్టన్ కోర్టులో విచారణ మొదలవుతూనే ప్రభుత్వం ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంటోందని జడ్జి ప్రకటించారు. మొత్తం ఎనిమిది రోజుల వ్యవహారం. ఆ ఎనిమిది రోజుల్లో మా వాళ్లలో ఒకడు కారు అమ్మేశాడు, ఇంకొకామె వేరే కాలేజీలో ఏదో ఒక క్లాసు నేరుగా జరిగేది వెతికి ఫీజు కట్టేసింది, ఆదేశం పోయింది గానీ ఆ ఫీజు తిరిగి రాలేదు. ఇక్కడ యూనివర్సిటీలను మెచ్చుకోవాలి, ఆ వారం అవి విద్యార్థుల పక్షానే నిలబడ్డాయి. ఫీజుల భయం కూడా కలిసి ఉండొచ్చు, ఉంటే ఉండనీ, మన పని అయింది. కొత్తగా చేరాల్సినవాళ్లకు మాత్రం ఆ ఊరట దక్కలేదు, కోర్సు పూర్తిగా ఆన్‌లైన్ అయితే దేశంలోకి రానిచ్చేది లేదని అదే నెలాఖరున తేల్చి చెప్పారు. వీసా ఆఫీసులు మూత, సీట్లు వాయిదా, ఆ ఏడాది అమెరికాలో కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 46 శాతం తగ్గిపోయారు.

చదువు గురించి. లెక్చర్లు బాగానే చెప్పారు, ముఖ్యంగా చిన్న వయసు ప్రొఫెసర్లు. రికార్డింగులు పెట్టారు, డౌట్లకు టైమ్ ఇచ్చారు. ల్యాబ్ కోర్సులు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియని రకం, వేరేవాళ్లు ప్రయోగం చేస్తుంటే తీసిన వీడియో చూసి రీడింగులు మనం రాసుకోవాలి. పీహెచ్‌డీ వాళ్ల ల్యాబులు కొన్ని నెలలకు విడతలవారీగా తెరిచారు, వాళ్లకి కనీసం స్టైపెండ్ ఆగలేదు. అసలు దెబ్బ పడింది ఇళ్లకు వెళ్లిపోయి అక్కడి నుంచి చదివినవాళ్లకి. క్లాసు టైమ్ క్యాంపస్ గడియారం ప్రకారమే. తొమ్మిది పది గంటల తేడా ఉన్న దేశంలో కూర్చున్నవాడికి సాయంత్రం క్లాసు అంటే తెల్లవారుజాము. రికార్డింగ్ చూసుకోవచ్చు కదా అంటారు, మరి ‘క్లాసులో పాల్గొన్నందుకు’ మార్కులు ఎవరిస్తారు? ఒక ప్రొఫెసర్ గారిని అడిగితే ‘అందరికీ ఒకే రూల్’ అన్నారు. అందరికీ ఒకే రాత్రి లేదు కదా సార్!

పరీక్షలది ఇంకో గోల. నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టారు. పరీక్ష మొదలయ్యే ముందు కెమెరా గది మొత్తం తిప్పి చూపించాలి, గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చూపు స్క్రీన్ దాటి పోకూడదు. మా క్లాసులో ఒకమ్మాయి ఇంటి నుంచి రాసేది. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మనుషులు ఆరుగురు, టైమ్ అర్ధరాత్రి మూడు. ఇంట్లోవాళ్లందర్నీ లేపి పక్క గదిలోకి పంపి, నిద్రపోతున్న చిన్నపిల్లను ఎత్తుకుని తీసుకెళ్లాక కెమెరా తిప్పి చూపించింది. మధ్యలో పాప ఏడుపు వినిపించిందని సాఫ్ట్‌వేర్ ఎర్ర జెండా ఎత్తింది, పరీక్ష అయ్యాక వారం రోజులు సంజాయిషీ మెయిళ్లు. నా రూమ్మేట్‌ది కాస్త నల్లటి ఒళ్లు, ‘మొహం కనిపించడం లేదు, వెలుతురు పెంచండి’ అని పదే పదే ఆగిపోయేది. వాడు రెండు టేబుల్ లైట్లు మొహానికి ఎదురుగా పెట్టుకుని, కళ్లు చికిలిస్తూ మూడు గంటలు స్టాటిస్టిక్స్ రాశాడు. ఈ సాఫ్ట్‌వేర్‌కి నా రేటింగ్ సున్నా, అంతకంటే తక్కువ ఇవ్వడానికి లేదు కాబట్టి.

ఫీజు? ఒక్క పైసా తగ్గలేదు. జిమ్ మూసేశారు, జిమ్ ఫీజు ఉంది. బస్సులు తిరగవు, బస్సు ఫీజు ఉంది. ఎక్కడో కొన్ని దేశాల్లో విద్యార్థులు కేసులు వేశారు, గొడవలు చేశారు. మాంచెస్టర్‌లో 2020 నవంబర్‌లో హాస్టళ్ల చుట్టూ కంచె వేస్తే పిల్లలు పీకి పారేశారు, అద్దె కట్టేది లేదని మొరాయిస్తే ఆఖరుకి యూనివర్సిటీ కొంత అద్దె తగ్గించింది. వీసా మీద ఉన్నవాడు మాత్రం అలాంటి గొడవల్లో ముందు వరసలో నిలబడాలంటే పదిసార్లు ఆలోచిస్తాడు. ఫీజు బాకీ పెడితే రిజిస్ట్రేషన్ పోతుంది, రిజిస్ట్రేషన్ పోతే వీసా పోతుంది. ఈ సంగతి ఫీజుల సెక్షన్‌కి బాగా తెలుసు, గుర్తుచేసే మెయిళ్లు ఏనాడూ ఆలస్యం కాలేదు.

డబ్బు విషయంలో కడుపు మండే సంగతి ఇంకోటి ఉంది. విదేశీ విద్యార్థికి పని చేసుకునే హక్కే అంతంతమాత్రం, చాలామందికి క్యాంపస్ ఉద్యోగాలే దిక్కు. లైబ్రరీ, క్యాంటీన్, స్పోర్ట్స్ సెంటర్ మూతపడిన రోజే అవి పోయాయి. సాయం ఏదైనా వచ్చిందా అంటే, అమెరికాలో కోవిడ్ సాయం కింద కాలేజీలకు ఇచ్చిన మొదటి విడత డబ్బులోంచి విదేశీ విద్యార్థులకు ఇవ్వొద్దని 2020 ఏప్రిల్‌లో విద్యాశాఖ చెప్పింది, ఇవ్వొచ్చని మళ్లీ చెప్పింది 2021 మేలో. కెనడా విద్యార్థుల కోసం పెట్టిన అత్యవసర భృతి కూడా సొంత పౌరులకు, శాశ్వత నివాసులకు, శరణార్థులకే. కాకపోతే అత్యవసర సేవల్లో పనిచేసేవాళ్లకు వారానికి 20 గంటల పరిమితిని 2020 ఆగస్టు దాకా ఎత్తేసింది, అంటే సాయం చేయం గానీ కష్టపడతానంటే వద్దనం అన్నమాట. ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మారిసన్ 2020 ఏప్రిల్ 3న ఇంకా సూటిగా చెప్పారు, తమను తాము పోషించుకోలేని విదేశీ విద్యార్థులు, సందర్శకులు ఇంటికి వెళ్లాల్సిన సమయం ఇది అని. అక్కడి మా సీనియర్ ఒకాయన ఆ రోజు రాత్రి కూడా ఆస్పత్రిలో ఫ్లోర్లు తుడిచే షిఫ్టులోనే ఉన్నాడు.

మా యూనివర్సిటీ మాత్రం ‘అందరు విద్యార్థులకూ’ అత్యవసర నిధి అని ప్రకటించింది. సంతోషంగా లింకు తెరిస్తే రెండో పేజీలో స్థానిక విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సహాయం నంబర్ తప్పనిసరి, అది వేయకపోతే ముందుకు కదలదు. విదేశీయులకు ఆ నంబరే ఉండదు. ఎవరో కావాలని చేశారని నేను అనుకోవట్లేదు, పాత ఫారం తీసి పైన పేరు మార్చి ఉంటారు, మేమున్నామని ఎవరికీ గుర్తు రాలేదు. దానికంటే విద్యార్థి సంఘం నడిపిన ఉచిత సరుకుల గది వెయ్యి రెట్లు నయం. ఐడీ కార్డు చూపిస్తే సంచి ఇచ్చేవాళ్లు, ఏ దేశం, ఏ వీసా అని అడిగేవాళ్లు కాదు. లైన్‌లో మా డిపార్ట్‌మెంట్ వాళ్లం ఒకరినొకరం చూసి కూడా చూడనట్టు నిలబడేవాళ్లం, రెండో వారానికి ఆ మొహమాటం కూడా పోయింది.

ఇన్సూరెన్స్ గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ వస్తుంది. యూనివర్సిటీ తప్పనిసరిగా కొనిపించిన పాలసీ టెస్టుకి, ఆస్పత్రికి బాగానే పనికొచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. దేశం దాటి వెళ్లినవాళ్లకి మాత్రం చెల్లలేదు, ప్రీమియం మాత్రం ఏడాదికి కోసుకున్నారు. వచ్చేటప్పుడు సొంతంగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లు అందులో మహమ్మారికి మినహాయింపు ఉందని క్లెయిమ్ పెట్టాకే తెలుసుకున్నారు. వ్యాక్సిన్‌ది ఇంకో తలనొప్పి. 2021లో చాలా యూనివర్సిటీలు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన టీకానే లెక్కలోకి తీసుకున్నాయి, కోవాగ్జిన్‌కి ఆ గుర్తింపు వచ్చింది నవంబర్ 3న. ఈలోపు రెండు డోసులు వేసుకుని వచ్చిన పిల్లలను వేరే టీకా మళ్లీ వేసుకోమన్నారు.

కౌన్సెలింగ్ సేవ అయితే అవసరమైనప్పుడే చేతులెత్తేసింది. క్యాంపస్‌లో ఉన్నవాళ్లకి వీడియో మీద సెషన్లు ఇచ్చారు, మంచివాళ్లే, ఓపికగా విన్నారు. ఇంటికి వెళ్లిపోయిన విద్యార్థికి మాత్రం ఇవ్వలేమన్నారు, మా లైసెన్సు వేరే దేశంలో చెల్లదు అని. రూల్ నిజమే అయి ఉండొచ్చు. కానీ ఫీజు తీసుకోవడానికి అడ్డురాని సరిహద్దు మాట్లాడటానికి అడ్డొచ్చింది.

2021 ఏప్రిల్, మే నెలలు. భారత్‌లో సెకండ్ వేవ్. మా బిల్డింగులో రాత్రిళ్లు ఎవరి గదిలో లైటు ఆరేది కాదు, ఆక్సిజన్ కోసం, బెడ్ కోసం అందరూ ఫోన్ల మీదే. అప్పుడే ఒక్కో దేశం తలుపు వేసేసింది. కెనడా ఏప్రిల్ 22న భారత్ నుంచి నేరుగా వచ్చే విమానాలు ఆపింది, బ్రిటన్ 23న రాకపోకలు దాదాపు ఆపేసే రెడ్ లిస్టులో పెట్టింది, అమెరికా మే 4 నుంచి రాకపోకలు కట్టడి చేసింది. ఆస్ట్రేలియా అయితే మే 3 నుంచి 15 దాకా సొంత పౌరులైనా సరే భారత్ నుంచి వస్తే జైలు శిక్ష ఉంటుందంది. వెళ్తే తిరిగి రాలేం, రాకపోతే డిగ్రీ పోతుంది. నా పక్క గది అతను వాళ్ల నాన్నగారి అంత్యక్రియలు ఫోన్‌లో చూశాడు. అవతల ఫోన్ పట్టుకున్న మేనమామ చేయి వణుకుతుంటే, వీడు ‘మావయ్యా, కొంచెం దగ్గరగా చూపించవా’ అని అడుగుతూ ఉన్నాడు. మర్నాడు అసైన్‌మెంట్ గడువు పొడిగించమని దరఖాస్తు పెడితే పోర్టల్ మరణ ధ్రువీకరణ పత్రం అడిగింది, ఇంగ్లిష్‌లో, పని దినాలు ఐదు లోపల. అడ్వైజర్ మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ప్రొఫెసర్లందరికీ తనే మెయిల్ రాసి, ‘పత్రం సంగతి నేను చూసుకుంటాను, ఈ అబ్బాయిని ఎవరూ ఏమీ అడగకండి’ అన్నారు. పైన ఒకటిన్నర మార్కులు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

స్నాతకోత్సవం ఆన్‌లైన్లో జరిగింది, పేరు స్క్రీన్ మీద మూడు సెకన్లు ఉంది, స్పెల్లింగ్ తప్పు. కెరీర్ సెంటర్ వాళ్లు రెజ్యూమె ఎలా రాయాలో వెబినార్లు పెట్టారు, ఆ ఏడాది వీసా స్పాన్సర్ చేసే కంపెనీ ఎక్కడుందో ఒక్కరూ చెప్పలేదు. అమెరికాలో ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోవడానికి ఇచ్చే పర్మిషన్) మీద ఉన్నవాళ్లకి పని లేకుండా 90 రోజులు దాటకూడదన్న లెక్క ఒకటి నెత్తిమీద తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు అడ్మిషన్లకు అప్లై చేస్తున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు అడుగుతున్నారు, మీ యూనివర్సిటీకి రమ్మంటారా అని. చదువు కోసమైతే రండి. కానీ ఫీజు కట్టే ముందు ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి అడగండి, క్యాంపస్ రేపు మూతపడితే విదేశీ విద్యార్థి ఎక్కడ ఉంటాడు, వంట ఎక్కడ చేసుకుంటాడు, అత్యవసర నిధికి మేము అర్హులమా, వేరే దేశం నుంచి పరీక్ష రాస్తే టైమ్ ఎవరి గడియారం ప్రకారం, ఇన్సూరెన్స్ సరిహద్దు దాటితే చెల్లుతుందా అని. జవాబులో ఏముందో చూడండి, దానికంటే ముఖ్యంగా కింద మనిషి పేరు, ఫోన్ నంబర్ ఉన్నాయో, ‘బృందం’ అని సంతకం ఉందో చూడండి. మా మేడమ్ ఇప్పుడు అక్కడ లేరు, వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు, ఆ వారం వారం కాల్ కూడా ఆగిపోయిందని జూనియర్లు చెప్పారు.

ఇంకో మాట, హాస్టల్ అగ్రిమెంట్ ఆఖరి పేజీ దాకా చదివి సంతకం పెట్టండి. కోవిడ్ తర్వాత మాదాంట్లో ఒక కొత్త క్లాజు చేర్చారు: ప్రజారోగ్య కారణాల వల్ల హాస్టల్ మూసేయాల్సి వస్తే విద్యార్థి 72 గంటల్లో ఖాళీ చేయాలి, కట్టిన అద్దె తిరిగి ఇవ్వబడదు. వెళ్లడానికి దారి లేనివాళ్ల గురించి అందులో ఇప్పటికీ ఒక్క ముక్క లేదు.